సీడీ నంబర్లు ఎక్కడి నుంచి వచ్చాయి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆడియో సెట్ల రిపేరు షాపులో దాదాపు 20 ఏళ్లు పని చేశాను, కేసెట్ డెక్‌లతో మొదలుపెట్టి సీడీ ప్లేయర్ల దాకా. కౌంటర్ దగ్గర నిలబడి సెట్ రెడీ అయ్యేదాకా కబుర్లు చెప్పేవాళ్లు, నేర్చుకోడానికి వచ్చిన కుర్రాళ్లు, ఈ మధ్య పాత సీడీలు మళ్లీ బయటికి తీస్తున్నవాళ్లు, అందరూ తిప్పి తిప్పి ఇవే అడుగుతుంటారు. 44.1 ఏంటి, 16 బిట్ ఏంటి, 74 నిమిషాలే ఎందుకు అని. ఒక్కొక్కరికీ సగం సగం చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

ఈ నంబర్లన్నీ అసలు ఎవరు ఖాయం చేశారు?

ఫిలిప్స్, సోనీ. ఒకటి నెదర్లాండ్స్ కంపెనీ, ఇంకోటి జపాన్ కంపెనీ. 1979 ఆగస్టు నుంచి 1980 జూన్ దాకా రెండు కంపెనీల ఇంజనీర్లు ఓసారి ఫిలిప్స్ ఊరు ఐండ్‌హోవెన్‌లో, ఓసారి టోక్యోలో కూర్చుని ఒక్కో నంబరూ తేల్చుకున్నారు. ఫిలిప్స్ వైపు నుంచి కీస్ ఇమింక్, సోనీ వైపు నుంచి తోషితాద దోయ్ అందులో ముఖ్యులు. అప్పుడు తేలినవన్నీ కలిపి ఎర్ర అట్ట వేసి పుస్తకంగా కట్టారు, అందుకే దానికి రెడ్ బుక్ అని పేరు. తర్వాత 1987లో అదే అంతర్జాతీయ స్టాండర్డ్ అయింది, దాని నంబరు ఐఈసీ 60908.

పోటీ కంపెనీలు కదా, ఎందుకు కలిశాయి?

ఎవరి దగ్గరా మొత్తం సరుకు లేదు కాబట్టి. ఫిలిప్స్ దగ్గర లేజర్‌తో డిస్క్ చదివే టెక్నాలజీ ఉంది, అప్పటికే లేజర్ వీడియో డిస్క్ తయారు చేసి ఉన్నారు. సోనీ దగ్గర డిజిటల్ రికార్డింగ్ అనుభవం ఉంది, ముఖ్యంగా తప్పులు సరిచేసే లెక్క వాళ్లకి బాగా వచ్చు, హైతారో నకజిమా అనే పెద్దాయన అంతకుముందు జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే ల్యాబ్‌లో డిజిటల్ రికార్డింగ్ మీద పని చేసి సోనీకి వచ్చారు. 1979 మార్చి 8న ఫిలిప్స్ ఐండ్‌హోవెన్‌లో విలేకరుల ముందు తమ డిస్క్ పాడించి చూపించి, వెంటనే జపాన్ వెళ్లి పార్ట్‌నర్ కోసం వెతికింది. ఇంకో కారణం కూడా ఉంది, అప్పుడే వీడియో కేసెట్లలో బీటామ్యాక్స్, వీహెచ్ఎస్ కొట్టుకుంటున్నాయి, ఏది కొనాలో తెలీక జనం ఆగిపోతే అందరికీ నష్టమే అని రెండు కంపెనీలూ కళ్లారా చూస్తున్నాయి.

వేరే పోటీ డిస్కులు లేవా?

ఉన్నాయి. టెలిఫంకెన్ వాళ్లది సూదితో చదివే డిజిటల్ డిస్క్ ఒకటి, జేవీసీ వాళ్లది విద్యుత్ చార్జ్ తేడాని బట్టి చదివే ఏహెచ్‌డీ అని ఇంకోటి. ఆ రెండిటిలోనూ డిస్క్‌ని ఏదో ఒకటి తాకుతూ ఉండాలి. లేజర్‌లో ఏదీ తాకదు, అందుకే అరగదు. నాకైతే అక్కడితోనే పోటీ అయిపోయినట్టు అనిపిస్తుంది.

44,100 అనే వింత నంబరు ఎలా వచ్చింది? 40,000 అనో 50,000 అనో గుండు లెక్క పెట్టుకోవచ్చు కదా?

ఇది అందరూ అడిగే ప్రశ్న, జవాబు కూడా అందమైనది కాబట్టి కొంచెం తీరిగ్గా చెప్తాను. సీడీ కోసం సౌండ్‌ని సెకనుకి 44,100 సార్లు కొలిచి అంకెలుగా రాసుకుంటారు, అదే 44.1 కిలోహెర్ట్జ్. ఒక్కో కొలతని శాంపిల్ అంటారు.

1970లలో డిజిటల్ సౌండ్ రికార్డ్ చెయ్యాలంటే సెకనుకి పది లక్షలకి పైగా బిట్లు ఎక్కడో ఒకచోట దాచాలి. అప్పట్లో అంత వేగంగా రాయగలిగి, అంతసేపు ఆపకుండా నడిచేది, సులువుగా దొరికేది ఒక్కటే, వీడియో టేపు రికార్డర్. కాబట్టి సోనీ వాళ్లు ఏం చేశారంటే సౌండ్‌ని బిట్లుగా మార్చి, ఆ బిట్లని తెల్ల చుక్కలు నల్ల చుక్కలుగా టీవీ బొమ్మలాగా మార్చి, యూమ్యాటిక్ అనే వీడియో కేసెట్ మీద రికార్డ్ చేసేవాళ్లు. టీవీకి కలిపి చూస్తే పాట వినిపించదు, తెర నిండా చుక్కలు గజిబిజిగా కదులుతూ కనిపిస్తాయి. ఆ చుక్కలే సంగీతం.

ఇప్పుడు టీవీ బొమ్మకి దాని సొంత లెక్క ఉంది. అమెరికా, జపాన్ పద్ధతిలో సెకనుకి 60 ఫీల్డులు (ఒక్కో ఫీల్డు అంటే సగం బొమ్మ), ఒక్కో ఫీల్డులో వాడుకోడానికి పనికొచ్చే గీతలు 245. ఒక్కో గీత మీద మూడు శాంపిళ్లు పెడితే 60 × 245 × 3, అంటే 44,100. యూరప్ పద్ధతి వేరే, మన దూరదర్శన్ కూడా అదే వాడింది, పాల్ అంటారు, అందులో సెకనుకి 50 ఫీల్డులే కానీ గీతలు ఎక్కువ, పనికొచ్చేవి 294. 50 × 294 × 3 చేసి చూడండి, మళ్లీ 44,100. రెండు పద్ధతుల్లోనూ సెకనుకి సరిగ్గా 14,700 గీతలు పడతాయి. ప్రపంచంలో ఏ మూల ఉన్న వీడియో రికార్డర్ అయినా పనికొచ్చే నంబరు అన్నమాట, ఇంతకంటే మంచి కారణం ఏం కావాలి.

సీడీ మాస్టర్లు, అంటే డిస్కులు ఒత్తడానికి వాడే అసలు రికార్డింగులు కూడా మొదట్లో ఆ వీడియో కేసెట్ల మీదే ఫ్యాక్టరీకి వెళ్లేవి కాబట్టి అదే నంబరు డిస్క్‌కి వచ్చింది. సరదాగా ఇంకోటి, 44,100 అంటే 210 × 210, దాన్ని విడగొడితే 2, 3, 5, 7 ఈ నాలుగింటి వర్గాలు గుణిస్తే వస్తుంది. దీన్ని బట్టి ఎంచుకోలేదు, కానీ చూడముచ్చటగా ఉంటుంది.

పాత పుస్తకాల్లో 44,056 అని కనిపిస్తుంది, అది తప్పా?

తప్పు కాదు. అమెరికా, జపాన్‌లలో కలర్ టీవీ వచ్చాక ఫీల్డులు సరిగ్గా 60 కాకుండా 59.94 అయ్యాయి. దానితో గుణిస్తే 44,056 వస్తుంది, సోనీ మొదటి మెషీన్లు కొన్ని ఆ లెక్కతోనే నడిచాయి. సీడీ కోసం మాట్లాడుకున్నప్పుడు 44,100కి వచ్చారు.

మనిషి చెవికి 20 కిలోహెర్ట్జ్ వరకే వినిపిస్తుంది కదా, దానికి రెట్టింపు 40 చాలదా?

లెక్క ప్రకారం రెట్టింపు కంటే కొంచెం ఎక్కువ ఉంటే చాలు. కానీ దాన్ని మెషీన్లో పెట్టడం వేరే విషయం. 20 కిలోహెర్ట్జ్ దాకా మొత్తం వదిలి, సగం శాంపిల్ రేటు దాటింది ఏదీ లోపలికి రాకుండా ఆపే ఫిల్టర్ ఒకటి ఉండాలి, లేకపోతే ఆ పై శబ్దాలు దొంగతనంగా కిందికి దిగి వినపడే శబ్దాల్లో కలిసిపోతాయి. 40 పెట్టుకుంటే ఫిల్టర్ 20 దగ్గరే గోడలాగా నిలబడాలి, అలాంటిది ఎవరూ తయారు చెయ్యలేరు. 44.1లో సగం 22.05, అంటే 20కీ 22.05కీ మధ్య కొంచెం జాగా దొరికింది. ఆ జాగాలోనే ఫిల్టర్ దిగాలి. అది కూడా నిటారుగానే ఉంటుంది, మొదటి తరం ప్లేయర్లలో ఆ ఫిల్టర్ కోసం బోర్డు మీద ఎంత చోటు పోయేదో తెరిచి చూసినవాళ్లకి తెలుసు.

మరి 48 కిలోహెర్ట్జ్ ఎక్కడిది?

వీడియో, సినిమా వైపు, డీవీడీల్లో, డిజిటల్ టేపుల్లో అది స్థిరపడింది. పాటకి 44.1, బొమ్మతో వచ్చే సౌండ్‌కి 48 అని గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది.

16 బిట్లే ఎందుకు?

ఒక్కో శాంపిల్‌ని ఎన్ని బిట్లతో రాయాలి అన్న దగ్గర నిజంగా గొడవైంది. ఫిలిప్స్ వాళ్లు 14 బిట్లు చాలు అన్నారు, ఎందుకంటే బిట్లని తిరిగి సౌండ్‌గా మార్చే 14 బిట్ల కన్వర్టర్ చిప్ వాళ్ల చేతిలో ఉంది. సోనీ 16 కంటే తగ్గేది లేదు అంది. అతి చిన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య తేడాని డీబీల్లో (డెసిబెల్స్) కొలుస్తారు, ఒక్కో బిట్‌కీ సుమారు 6 డీబీ లెక్క, అంటే 14 బిట్లకి 84 డీబీ, 16కి 96. మంచి కేసెట్ డెక్ మీద ఆ రోజుల్లో 60 డీబీ దాకా వస్తే గొప్ప, కాబట్టి 84 కూడా అప్పటి జనానికి అద్భుతంలాగే వినిపించేది. కానీ స్టాండర్డ్ అనేది ఒక్కసారి పెడితే పదుల ఏళ్లు ఉంటుంది, చిప్పులు ఎలాగూ మెరుగుపడతాయి, డిస్క్ మీద లేని బిట్‌ని మాత్రం తర్వాత ఎవరూ తీసుకురాలేరు. సోనీ మాట నెగ్గడం మన అదృష్టం అని నేను మనస్ఫూర్తిగా అంటాను.

ఫిలిప్స్ వాళ్లు దాని తర్వాత చేసిన పని ఇంకా బాగుంటుంది. చేతిలో ఉన్నది 14 బిట్ల చిప్పే, స్టాండర్డ్ 16 అయింది. ఏం చేశారంటే శాంపిళ్లని నాలుగింతలు చేసి, అంటే సెకనుకి 1,76,400 చేసి, మిగిలిపోయిన తప్పుని తర్వాతి శాంపిల్‌లో కలుపుకుంటూ పోయారు, దాంతో ఆ తప్పు వల్ల వచ్చే గరగర శబ్దం చెవికి అందని పై ఫ్రీక్వెన్సీల్లోకి జరిగిపోయింది. 14 బిట్ల చిప్‌తోనే దాదాపు 16 బిట్ల ఫలితం వచ్చింది. పైగా ఇందాక చెప్పిన నిటారు ఫిల్టర్ బాధ కూడా పోయింది, మామూలు ఫిల్టర్ సరిపోయింది. ఆ తర్వాత ఈ నాలుగింతల పద్ధతినే మిగతా కంపెనీలు కూడా పట్టుకున్నాయి.

74 నిమిషాలు బీథోవెన్ వల్ల వచ్చిందంటారు, నిజమేనా?

సగం నిజం అని నా నమ్మకం. కథ ఇలా చెప్తారు. సోనీలో నోరియో ఓగా అని పెద్ద హోదాలో ఉన్నాయన, ఆయన మామూలు మేనేజర్ కాదు, బెర్లిన్‌లో సంగీతం చదువుకున్న గాయకుడు. బీథోవెన్ తొమ్మిదో సింఫనీ మధ్యలో డిస్క్ తిప్పకుండా మొత్తం ఒకే డిస్క్ మీద రావాలి అన్నారట. అందులో పొడుగైన రికార్డింగుల్లో ఒకటి 1951లో బైరాయిట్‌లో ఫుర్ట్‌వెంగ్లర్ నడిపించింది, 74 నిమిషాలు. దాన్ని బట్టి ఫిలిప్స్ అనుకున్న 11.5 సెంటీమీటర్ల డిస్క్ కాస్తా 12 సెంటీమీటర్లు అయింది అని.

ఆ మీటింగుల్లో కూర్చున్న ఇమింక్ మాత్రం తర్వాత వేరేగా రాశారు. ఫిలిప్స్‌కి వాటా ఉన్న పాలీగ్రామ్ కంపెనీ జర్మనీలోని హనోవర్‌లో 11.5 సెంటీమీటర్ల డిస్కులు ఒత్తడానికి ఫ్యాక్టరీ సిద్ధం చేసుకుంటోంది. సోనీకి అప్పటికి అలాంటి ఫ్యాక్టరీ లేదు. సైజు 11.5 దగ్గరే ఆగితే ఫిలిప్స్ చాలా ముందుకి వెళ్లిపోతుంది, 12కి మారిస్తే ఇద్దరూ ఒకే గీత మీద నుంచి మొదలుపెట్టాలి. బీథోవెన్ మంచి కారణం, ఫ్యాక్టరీ అసలు కారణం అన్నది ఆయన చెప్పినదాని సారం. దీనికి తోడు, మాస్టర్లు వెళ్లే ఆ యూమ్యాటిక్ కేసెట్ మీద 72 నిమిషాలే పట్టేది, అంటే ఆ సింఫనీ డిస్క్ మీద పట్టినా మొదట్లో డిస్క్ మీదికి ఎక్కించే దారే లేదు.

అయినా బీథోవెన్ మాట పూర్తిగా కల్పితం అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. ఓగా లాంటి పాడేవాడు ఆ గదిలో ఉంటే ఒక కచేరీ మధ్యలో తెగకూడదు అని అడగకుండా ఉండడు. రాగం మధ్యలో కేసెట్ టక్కుమని ఆగి, లేచి వెళ్లి సైడ్ మార్చి, మళ్లీ పెట్టేసరికి మూడ్ పోయిన అనుభవం మన ఇళ్లలో కర్ణాటక కచేరీలు కేసెట్లలో విన్న వాళ్లందరికీ ఉంది. ఆయన అడిగినది న్యాయమైనదే.

సరే, 12 సెంటీమీటర్లకి 74 నిమిషాలే ఎందుకు పట్టింది, లెక్క చూపిస్తారా?

చూపిస్తాను, ఇది కాగితం మీద మీరే వేసుకోవచ్చు. పాట డిస్క్ మధ్య నుంచి 25 మిల్లీమీటర్ల దూరంలో మొదలై 58 మిల్లీమీటర్ల దగ్గర అయిపోతుంది. ఆ పట్టీ వైశాల్యం సుమారు 8,600 చదరపు మిల్లీమీటర్లు. ట్రాక్‌కీ ట్రాక్‌కీ మధ్య దూరం 1.6 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). భాగిస్తే ఆ చుట్ల ట్రాక్ పొడుగు వస్తుంది, దాదాపు 5.4 కిలోమీటర్లు. లేజర్ కింద అది సెకనుకి 1.2 మీటర్ల చొప్పున జరుగుతుంది, అంటే దాదాపు 4,480 సెకన్లు, 74 నిమిషాల పైన కొన్ని సెకన్లు. చేతిలో పట్టే డిస్క్ మీద ఐదు కిలోమీటర్ల పైన దారి ఉంది అంటే కుర్రాళ్లు మొదట నమ్మేవాళ్లు కాదు, కాలిక్యులేటర్ చేతికిచ్చేవాణ్ణి.

80 నిమిషాల సీడీలు ఎలా వచ్చాయి మరి?

రెడ్ బుక్‌లో 1.6 మైక్రాన్లకి అటూ ఇటూ 0.1 తేడా ఉండొచ్చని రాసి ఉంది. 1.5 పెట్టి ఇందాకటి లెక్క మళ్లీ వెయ్యండి, 80 నిమిషాల దగ్గరికి వస్తుంది. రూల్ దాటలేదు, రూల్ అంచు మీద నిలబడ్డారు.

మధ్య కన్నం 15 మిల్లీమీటర్లు ఎందుకు?

ఫిలిప్స్ వాళ్ల దేశంలో అప్పటి 10 సెంట్ల నాణెం, దుబ్బెల్త్యే అనేవాళ్లు, దాని సైజు 15 మిల్లీమీటర్లు. కన్నం ఎంత ఉండాలని చర్చ వస్తే ఆ నాణెం బల్ల మీద పెట్టి ఇంత అన్నారని చెప్తారు. పెద్ద లెక్కల మధ్య ఇలాంటిది కూడా ఒకటి ఉండటం నాకు చాలా ఇష్టం.

11.5 సెంటీమీటర్లు మాత్రం ఎక్కడి నుంచి వచ్చింది?

కేసెట్ మూల నుంచి ఎదురు మూలకి ఉండే కొలత దగ్గర్లో ఉండాలనుకున్నారు. కేసెట్ కూడా ఫిలిప్స్ వాళ్లదే కదా, 1963లో తెచ్చారు. కారులోనూ పట్టాలి, చేతిలోనూ పట్టాలి.

సీడీ లోపలి నుంచి బయటికి ఎందుకు పాడుతుంది? ఎల్పీ రికార్డు బయటి నుంచి లోపలికి కదా?

లోపలి నుంచి మొదలుపెడితే డిస్క్ బయటి సైజు ఎంతున్నా పర్వాలేదు, ప్లేయర్‌కి మొదలు ఎక్కడో ఎప్పుడూ తెలుసు. చిన్న 8 సెంటీమీటర్ల సీడీలు అదే ట్రేలో ఆడేది అందుకే. ఇంకో సంగతి, ఎల్పీ ఒకే వేగంతో తిరుగుతుంది, సీడీ అలా కాదు, లేజర్ కింద జరిగే వేగం ఒకటిగా ఉండాలి కాబట్టి లోపల ఉన్నప్పుడు నిమిషానికి 500 చుట్ల దగ్గర, బయట అంచుకి వచ్చేసరికి 200 చుట్ల దగ్గర తిరుగుతుంది. మూత తెరిచిన ప్లేయర్‌లో మొదటి పాటా చివరి పాటా పెట్టి చూస్తే ఆ తేడా కళ్లకే కనిపిస్తుంది, లేబుల్ మీద అక్షరాలు చదవలేనంత వేగం నుంచి కాస్త గుర్తుపట్టేంత వేగానికి వస్తుంది. లేజర్ వైపు మాత్రం కన్ను పెట్టకండి, అది కనిపించని కాంతి, ప్రమాదం.

లేజర్ రంగు, ప్లాస్టిక్ మందం కూడా ఎంచుకున్నవేనా?

అవును. లేజర్ 780 నానోమీటర్లు, ఎరుపు దాటిన ఇన్‌ఫ్రారెడ్. ఆ రోజుల్లో చవగ్గా, చిన్నగా, ఎక్కువ కాలం బతికేలా చెయ్యగల సెమీకండక్టర్ లేజర్ అదే. లేజర్ ఏదో ఖాయమయ్యాక చుక్క ఎంత చిన్నది చెయ్యగలమో ఖాయమైనట్టే, దాన్ని బట్టి ట్రాకుల మధ్య దూరం, పాట బిట్లని డిస్క్ మీద రాసే చిన్న గుంటల సైజు కూడా వచ్చేశాయి.

ప్లాస్టిక్ మందం 1.2 మిల్లీమీటర్లు. చాలామంది పాట ఆ మెరిసే వైపు పైనే ఉందనుకుంటారు, కాదు, పాట ప్లాస్టిక్ అవతల, లేబుల్ కింద ఉంది. లేజర్ మొత్తం మందం దాటి లోపలికి వెళ్లి అక్కడ ఫోకస్ అవుతుంది. ప్లాస్టిక్‌లోకి దిగేచోట ఆ కాంతి సుమారు 0.7 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, లోపల గుంటల దగ్గరకి వచ్చేసరికి రెండు మైక్రాన్ల లోపుకి కుదించుకుపోతుంది. అంటే పైన పడిన దుమ్ము రేణువు దానికి ఫోకస్‌లో ఉండదు, కిటికీ అద్దం మీద మచ్చ ఉన్నా దూరంగా ఉన్న కొండ కనిపించినట్టు.

అయితే లేబుల్ వైపు గీతలు పడితే పర్వాలేదా?

అస్సలు పర్వాలేదనుకోకండి, అటు వైపే ఎక్కువ ప్రమాదం. మెరిసే వైపు 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ కాపలా ఉంది, లేబుల్ వైపు పల్చటి అల్యూమినియం పొర మీద వార్నిష్ లాంటి పూత, దాని మీద అచ్చు రంగు, అంతే. బాల్‌పెన్‌తో పేరు గట్టిగా రాస్తే గుంటలు చెడిపోతాయి. ఒకసారి నేనే ఒక షాపులో మా నాన్నగారి కోసం పాత పాటలు సీడీ మీద రాయించాను, వాళ్లు అందంగా ఉంటుందని పైన కాగితం స్టిక్కర్ అంటించి ఇచ్చారు. వేసవిలో ఆ స్టిక్కర్ ఒక పక్క ముడుచుకుంది, తీద్దామని గోరుతో లాగితే కాగితంతో పాటు వెండి పొర కూడా లేచి వచ్చేసింది, డిస్క్‌లోంచి అవతలి గోడ కనిపించింది. పాటలు ఆ కాగితానికి అంటుకుని పోయాయి. నాన్నగారు ఏమీ అనలేదు, నాకే చాలా రోజులు బాధగా ఉంది.

గీతలు పడ్డ సీడీ కూడా చక్కగా పాడుతుంది, ఎలా?

నన్నడిగితే సీడీ మొత్తంలో గొప్ప విషయం ఇదే, 44.1 గురించి జరిగే చర్చలో సగం దీని గురించి జరిగినా బాగుండేది.

అమెరికాలో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అని ఇద్దరు 1960లో తప్పులు సరిదిద్దే ఒక లెక్క రాశారు. అప్పటికి అది కాగితం మీది గణితం. సోనీ, ఫిలిప్స్ దాన్ని ఇంట్లో పెట్టుకునే మెషీన్లోకి తెచ్చారు. ఎలాగంటే ప్రతి 24 బైట్ల సౌండ్‌కి 4 బైట్ల తనిఖీ లెక్క కలుపుతారు, 28 అవుతుంది, ఆ 28ని విడదీసి డిస్క్ మీద దూరదూరంగా చల్లేస్తారు, చల్లాక మళ్లీ ఇంకో 4 తనిఖీ బైట్లు కలుపుతారు, 32. అంటే మూడు వంతులు పాట, ఒక వంతు కాపలా.

చల్లడం అన్నదే కిటుకు. ఆ 32 బైట్ల గుంపుని ఫ్రేమ్ అంటారు, ఒక దగ్గర ఉండాల్సిన బైట్లు 109 ఫ్రేముల మేర పరుచుకుంటాయి, డిస్క్ మీద అది దాదాపు 18 మిల్లీమీటర్ల పొడుగు. గీత పడి ఒక చోట రెండు మిల్లీమీటర్లు పూర్తిగా పోయినా, ప్లేయర్ వాటిని తిరిగి ఒకచోటికి చేర్చేసరికి ఆ నష్టం ఒక్కొక్క గుంపుకి మూడు నాలుగు బైట్లుగా పంచబడుతుంది, ఆ కొద్దిపాటి బైట్లని తనిఖీ లెక్కతో మళ్లీ పుట్టించేస్తుంది. ఊళ్లో ఒక్క ఇంటి మీద పడాల్సిన ఖర్చు పది ఇళ్లు పంచుకున్నట్టు. పుట్టించడం అంటే ఉజ్జాయింపుగా కాదు, అక్షరం పొల్లుపోకుండా అసలు బిట్లే. సుమారు 4,000 బిట్లు వరసగా పోయినా, అంటే ట్రాక్ వెంట 2.5 మిల్లీమీటర్లు, పూర్తిగా తిరిగొస్తాయి. అంతకంటే ఎక్కువ పోతే పక్క శాంపిళ్లని చూసి మధ్యది ఊహించి నింపుతుంది, దానికోసం సరి నంబరు శాంపిళ్లనీ బేసి నంబరు శాంపిళ్లనీ ముందే వేరువేరు చోట్ల పెట్టి ఉంచారు. అదీ కుదరకపోతే అప్పుడు సౌండ్ ఆపేస్తుంది.

షాపులో నేర్చుకునే కుర్రాళ్లకి ఒకటి చేసి చూపించేవాణ్ణి. పనికిరాని సీడీ ఒకటి తీసుకుని మెరిసే వైపు నల్ల మార్కర్‌తో మధ్య నుంచి అంచుకి నిలువుగా ఒక గీత, రెండు మిల్లీమీటర్ల లోపు వెడల్పు. లోపల పెట్టి ప్లే నొక్కితే ఏమీ జరగనట్టు పాడేది. ప్రతి చుట్టులోనూ లేజర్ ఆ నలుపు మీంచి పోతుంది, ప్రతిసారీ ఆ ముక్క పోతుంది, ప్రతిసారీ తిరిగొస్తుంది. తర్వాత అదే మార్కర్‌తో ట్రాక్ వెంట గుండ్రంగా చిన్న వంపు గీస్తే ఠక్కున ఆగేది. సీడీ తుడిచేటప్పుడు గుండ్రంగా కాకుండా మధ్య నుంచి అంచుకి తుడవమని చెప్పేది దీనికే, గుడ్డలో ఇసుక రేణువు ఉండి గీత పడినా అడ్డంగా పడిన గీత మాఫీ అవుతుంది, ట్రాక్ వెంట పడింది కాదు.

8 బిట్లని 14 బిట్లుగా మారుస్తారని విన్నాను, చోటు వృథా కాదా?

వృథాలాగే కనిపిస్తుంది, కాదు. డిస్క్ మీద గుంట మొదలైన చోట లేదా అయిపోయిన చోట 1, మిగతా అంతా 0. రెండు 1లు మరీ దగ్గరగా వస్తే లేజర్ చుక్క వాటిని విడివిడిగా చూడలేదు, మరీ దూరమైతే ప్లేయర్ టైమింగ్ తప్పిపోతుంది. అందుకని రెండు 1ల మధ్య కనీసం 2 సున్నాలు, గరిష్ఠంగా 10 సున్నాలు ఉండాలని నియమం పెట్టారు. 14 బిట్లతో చెయ్యగల 16,384 రకాల్లో ఈ నియమానికి లోబడేవి 267 ఉన్నాయి. మనకి కావాల్సింది 256. సరిపోయింది. ఒక్కో గుంపుకీ మధ్య అతికించడానికి ఇంకో 3 బిట్లు.

ఇది ఇమింక్ చేసిన పని. దీనివల్ల అంతకుముందు అనుకున్న కోడ్ కంటే సుమారు 30 శాతం ఎక్కువ సంగీతం పట్టింది. ఇది ఖాయమయ్యేసరికి సైజు 12 సెంటీమీటర్లు అని ముందే తేలిపోయింది, లేకపోతే చిన్న డిస్క్ మీదే చాలా పట్టేది.

సీడీలో 99 పాటలే ఎందుకు?

పాట నంబరుకి రెండు అంకెల జాగా ఇచ్చారు, అంతే.

650 ఎంబీ, 700 ఎంబీ, 52 ఎక్స్, ఇవి కూడా అక్కడి నుంచేనా?

అన్నీ అక్కడి నుంచే. ఆడియో సీడీలో ఒక సెకనుకి 75 సెక్టార్లు (డేటా ముక్కలు), ఒక్కో దాంట్లో 2,352 బైట్ల సౌండ్. కంప్యూటర్ ఫైలులో ఒక్క బిట్ కూడా ఊహించి నింపడానికి లేదు, పాటలో ఊహించిన శాంపిల్ చెవికి తెలీదు కానీ లెక్కల ఫైలులో ఊహించిన అంకె కొంప ముంచుతుంది. కాబట్టి సీడీ రోమ్‌లో, అంటే కంప్యూటర్ ఫైళ్ల సీడీలో అదనపు తనిఖీకి చోటు తీసేసి సెక్టార్‌కి 2,048 బైట్లే డేటాకి ఇచ్చారు. 74 నిమిషాలంటే 3,33,000 సెక్టార్లు, గుణిస్తే 650 ఎంబీ. 80 నిమిషాలకి 700. సెకనుకి 75 సెక్టార్లంటే 150 కేబీ, అదే 1 ఎక్స్, పాట పాడే వేగం. 52 ఎక్స్ అంటే దానికి 52 రెట్లు.

ఎంపీ3 సీడీలో 150 పాటలు పడతాయి, ఆడియో సీడీలో పదిహేనే ఎందుకు?

మన దగ్గర ఇది చాలామందికి అయోమయం. ఆడియో సీడీలో సౌండ్ ఏమీ కుదించకుండా ఉంటుంది, సెకనుకి 14 లక్షల బిట్లు. తెలుగు సినిమా పాటలు ఆరు కలిపితే అరగంట, అందుకే ఒకే సీడీ మీద రెండు సినిమాలు వేసి అమ్మేవాళ్లు. ఎంపీ3 సీడీ అసలు ఆడియో సీడీ కాదు, ఫైళ్లున్న కంప్యూటర్ డిస్క్, చెవి పట్టించుకోదనుకున్నది తీసేసి పదో వంతుకి తగ్గిస్తారు. పాత ప్లేయర్ దాన్ని తీసుకోదు. లెన్స్ పోయిందని ఎంతమంది సెట్ పట్టుకొచ్చారో, తీరా చూస్తే లెన్స్ బాగానే ఉండేది, పెట్టింది ఎంపీ3 డిస్క్.

24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వింటే తేడా తెలుస్తుందా?

రికార్డింగ్ చేసేచోట 24 బిట్లు కావాలి, అక్కడ మైకు లెవెల్ ఎటు పోతుందో తెలీదు, జాగా ఉండాలి. వినేటప్పుడు, సరిగ్గా చేసిన 16 బిట్ 44.1 చాలు అని నా అభిప్రాయం, నేను చాలా జాగ్రత్తగా విన్నాకే చెప్తున్నాను. 96 డీబీ అంటే నిశ్శబ్దంగా ఉన్న గది నుంచి చెవులు మూసుకోవాల్సినంత గట్టి దాకా వస్తుంది. మీకు కొత్త సీడీ పాతదానికంటే అరుస్తున్నట్టు అనిపిస్తే తప్పు ఫార్మాట్‌ది కాదు, మాస్టరింగ్‌లో, అంటే డిస్క్‌కి వెళ్లే ముందు చివరిసారి సౌండ్ సరిచేసేచోట, లెవెల్ అంతా పైకి నొక్కేసి ఉంటారు, 16 బిట్లలో సగం కూడా వాడరు.

మొదటి ప్లేయర్ ఎప్పుడు వచ్చింది?

1982 అక్టోబరు 1న జపాన్‌లో, సోనీ సీడీపీ 101, ధర 1,68,000 యెన్లు. అమెరికాకి, యూరప్‌కి తర్వాతి ఏడాది వచ్చింది. డిస్కులు మాత్రం ఆగస్టులోనే హనోవర్ దగ్గర ఇందాక చెప్పిన ఆ పాలీగ్రామ్ ఫ్యాక్టరీలో ఒత్తడం మొదలైంది, 12 సెంటీమీటర్లవే.

ఇప్పుడు తీసిన సీడీ ప్లేయర్‌లో 1982 డిస్క్ ఆడుతుందా?

ఆడుతుంది. అటు తిప్పినా అంతే, నిన్న ఒత్తిన ఆడియో సీడీ 1982 నాటి ప్లేయర్లో పెట్టండి, లెన్స్ బాగుంటే పాడుతుంది. నా దగ్గరకి రిపేరుకి వచ్చిన వాటిలో బెల్టు సాగిపోయి ట్రే రానివి, లెన్స్ మీద దుమ్ము పట్టినవి, మోటార్ పోయినవి ఉన్నాయి కానీ, డిస్క్ కొత్తది, సెట్ పాతది, అందుకే ఆడట్లేదు అన్నది ఒక్కటి కూడా లేదు.